బాలపాఠకుడు ఎక్కడ పుడతాడు?

మన సభల్లోనూ సమావేశాల్లోనూ ఒక మాట తరచుగా వినిపిస్తూ వుంటుంది: పాఠకులు తగ్గిపోతున్నారు. అయిదు వందల ప్రతులు వేసిన కథల సంపుటి అటక మీదే వుండిపోయిందని రచయిత వాపోతాడు. టెలివిజన్‌ను, సెల్‌ఫోన్‌ను, ఇంగ్లీషు మీడియం చదువును నాలుగు మాటలని లేచిపోతాం. ఆ మాటల్లో నిజం లేదని నేననను. కాని పాఠకుడు పాతికేళ్ళ వయసులో పుస్తకాల షాపులో పుట్టడు. ఆరేడేళ్ళ వయసులో ఎక్కడో పుడతాడు. లేదా ఆ వయసులోనే పుట్టకుండా పోతాడు. ఇరవై ఏళ్ళుగా కోనసీమ పల్లెల్లో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను కాబట్టి ఆ 'ఎక్కడో' అనేది ఎక్కడో నాకు తెలిసినంతలో వివరించడానికి ఈ వ్యాసంలో ప్రయత్నిస్తాను.

ముందుగా రెండు విషయాలను విడదీసి చూడాలి. చదవడం రావడం ఒకటి, చదవడం మీద ఇష్టం కలగడం మరొకటి. సాధారణంగా మనం అనుకునేదేమంటే, ముందు చదవడం వస్తుంది, ఆ తర్వాత అదృష్టవంతులకు ఇష్టం కలుగుతుంది అని. అంటే ఇష్టం అనేది తిండి తిన్నాక వేసుకునే తాంబూలం లాంటిదన్నమాట. ఈ అభిప్రాయం తప్పని నా అనుభవం.

గ్రామీణ భారతంలో పిల్లల చదువును పరీక్షించే 'అసర్' నివేదికలను చూడండి. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవాళ్ళు 2018లో నూటికి 27.3 మంది. కరోనా కాలంలో బడులు మూతపడిన తర్వాత, 2022లో 20.5 మంది. 2024లో మళ్ళీ 27.1. అంటే పడి లేచి ఆరేళ్ళ కిందటి చోటికే వచ్చామన్నమాట. ఆ చోటయినా ఎలాంటిది? నలుగురిలో ముగ్గురు చదవలేని చోటు. వీళ్ళలో చాలామందికి అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు. వత్తు కనబడితే ఆగుతారు. ఒక్కొక్క అక్షరాన్నీ కూడబలుక్కుంటూ వాక్యం చివరికి చేరేసరికి మొదలు మరిచిపోతారు. ఈ దశ దాటడానికి ఒకటే దారి: చదవడం, ఇంకా చదవడం. అర్థం కాని పనిని మళ్ళీ మళ్ళీ ఎవరు చేస్తారు? దాని మీద ఏదో ఒక ఆశ వున్నవాడే చేస్తాడు. కాబట్టి ఇష్టం చదువు వచ్చాక దొరికే ఫలం కాదు. చదువు రావడానికి కావలసిన బలం.

మరి ఆ ఇష్టం ఎక్కడినుంచి వస్తుంది? దీనికి జవాబుగా నా చిన్ననాటి సంగతి ఒకటి చెబుతాను. సొంత గొడవగా కాక ఉదాహరణగా తీసుకోమని మనవి.

మాది రాజోలు వైపు ఒక పల్లె. మా నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. ఇంట్లో అచ్చులో వున్న వస్తువేదయినా వుంటే అది గోడకు వేలాడే క్యాలెండరు. మా పక్కింటి మామ్మ కూతురు ఇంటి పనికి కువైట్ వెళ్ళింది. రాజోలు, అమలాపురం ప్రాంతాల నుంచి ఎందరు ఆడవాళ్ళు అలా గల్ఫ్ దేశాలకు వెళ్ళారో, ఎందరు పిల్లలు అమ్మమ్మల చేతుల్లో పెరిగారో కోనసీమ వాళ్ళకు చెప్పనక్కర్లేదు. కూతురికి రాయడం రాదు. అక్కడెవరిచేతో రాయించి పంపేది. తల్లికి చదవడం రాదు. ఇక్కడ నాచేత చదివించుకునేది. నేనప్పుడు మూడో తరగతి.

మొదటి ఉత్తరం బళ్ళో పాఠం చదివినట్టు గడగడా చదివేశాను. మామ్మ ఈనెలు చీరుతున్న కత్తి పక్కన పెట్టి, "ఒరే అబ్బాయ్, డబ్బు అందిందా అని అడిగిందే, ఆ మాట ఎలా అందంటావు? కోపంగానా, దిగులుగానా?" అంది. నాకు తెలియలేదు. "మళ్ళీ చదువు" అంది. మళ్ళీ చదివాను. ఆ వాక్యానికి ముందేముంది, తర్వాతేముంది చూసుకున్నాను. "దిగులుగానే మామ్మా" అన్నాను. "ఎందుకనీ?" అంది. చెప్పాల్సి వచ్చింది. తర్వాత ఎం.ఏ. తరగతిలో మా ఆచార్యులు ధ్వని గురించి, కంఠస్వరం గురించి పాఠం చెబుతుంటే నాకది కొత్తగా అనిపించలేదు. ఒక్క అక్షరం ముక్క రాని మనిషి నాకు చెప్పిన మొదటి పాఠం అదే.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యాలు కువైట్‌లోకి ప్రవేశించాయి. ఉత్తరాలు ఆగిపోయాయి. మామ్మ నన్ను పొద్దున్నే టీ బడ్డీ దగ్గరకు తీసుకుపోయేది. అక్కడికొచ్చే దినపత్రికలో కువైట్ అన్న మాట ఎక్కడ కనబడితే అక్కడ చదవడం నా పని. బాగ్దాద్, అమ్మాన్ అన్న వూళ్ళ పేర్లు అలా నేర్చుకున్నాను. మనవాళ్ళను బస్సుల్లో జోర్డాన్ చేర్చి, అమ్మాన్ నుంచి విమానాల్లో తెస్తున్నారు. ఆ రెండు మూడు నెలల్లో లక్షా 70 వేల మందికి పైగా భారతీయులు అలా తిరిగివచ్చారు. 'అమ్మాన్' అని నేను చదివినప్పుడల్లా మామ్మకు 'అమ్మ' అని వినిపించేదట. అక్టోబరులో ఆ కూతురు ఇల్లు చేరింది. నాకు మాత్రం పేపరు చదివే అలవాటు వుండిపోయింది.

ఈ సంఘటనలో గమనించవలసినదేమిటి? నాకెవరూ పఠనాసక్తి కలిగించాలని ప్రయత్నించలేదు. పుస్తకం గొప్పతనాన్ని గురించి ఎవరూ ఉపన్యసించలేదు. నేను చదివితే తప్ప తెలియని విషయం ఒకటుంది. అది తెలుసుకోవాలని ఎదురుచూసే మనిషి ఒకరున్నారు. నేను చదివినదాని మీద ఆ మనిషి ఆలోచిస్తుంది, నన్నూ ఆలోచింపజేస్తుంది. ఈ మూడూ కలిసిన చోట చదువు బరువు కాలేదు. బాలపాఠకుడు పుట్టే చోటు, నాకర్థమయినంతవరకు, వినేమనిషి ఎదుట.

సోవియట్ మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ (1896–1934) చెప్పిన సూత్రం ఒకటి ఇక్కడ పనికివస్తుంది. బిడ్డలో ఏ ఉన్నత మానసిక శక్తయినా ముందు మనుషుల మధ్య జరిగే వ్యవహారంగా వుండి, తర్వాతే ఆ బిడ్డ లోపలి శక్తిగా మారుతుందని ఆయన సిద్ధాంతం. మౌనంగా, ఒంటరిగా, పుస్తకంలో మునిగి చదువుకునే పాఠకుణ్ణి మనం ఆదర్శంగా చూస్తాం. కాని అది చివరి మెట్టు. మొదటి మెట్టు మీద ఇద్దరుంటారు.

ఈ దృష్టితో బడిని చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. బళ్ళో కూడా పిల్లవాడు చదువుతాడు, ఉపాధ్యాయుడు వింటాడు. కాని ఆ వినడం తప్పు పట్టడానికి. పాఠంలో ఏముందో ఉపాధ్యాయుడికి ముందే తెలుసు. తెలిసినవాడికి తెలిసిన సంగతే చదివి వినిపించడంలో పిల్లవాడికి ఏం పని వుంది? అది చదవడం కాదు, ఒప్పజెప్పడం. ఉద్యోగంలో చేరిన కొత్తలో అయిదారేళ్ళపాటు నేను చేసింది కూడా ఇదే. మామ్మ దగ్గర నేర్చుకున్నదాన్ని నా తరగతి గదిలోకి తీసుకురావచ్చునన్న ఆలోచన నాకు చాలా ఆలస్యంగా కలిగింది.

ఆ ఆలోచన కలిగించినవాడు గిజూభాయి బధేకా. 1932లో గుజరాతీలో ఆయన రాసిన 'దివాస్వప్న' తెలుగులో 'పగటికల'గా వచ్చింది. అందులోని ఉపాధ్యాయుడు నాలుగో తరగతి గదిలోకి పోయిన తొలి రోజుల్లోనే మొదలుపెట్టిన పని కథ చెప్పడం. పాఠ్యపుస్తకాలకు పెట్టే డబ్బును కూడబెట్టి తరగతికి ఒక చిన్న గ్రంథాలయం ఏర్పాటు చేయడం తర్వాతి పని. కథ వినాలన్న ఆత్రం ముందు, అలమర తర్వాత. ఈ వరస చాలా ముఖ్యం.

మనం ఈ వరసను తిరగేశాం. పుస్తకాలు బళ్ళకు వస్తూనే వున్నాయి. నేను పనిచేసిన ఒకచోట అవి ఇనుప బీరువాలో వుండేవి. పుస్తకం పోతే ఖరీదు కట్టుకోవాలన్న భయంతో తాళం పెద్ద మాస్టారి దగ్గరే వుండేది. స్టాకు రిజిస్టరు మాత్రం నలగకుండా, చిరగకుండా, పుస్తకాలంత కొత్తగానూ వుండేది. ఆ పెద్ద మాస్టారిని నేను తప్పు పట్టను. పుస్తకం చిరిగితే నష్టమని, చదవకపోతే నష్టం లేదని లెక్కగట్టే పద్ధతి అది. 2020 నవంబరులో మన రాష్ట్రంలో 'చదవడం మాకిష్టం' అన్న పేరుతో ఒక కార్యక్రమం మొదలయింది. పేరు మంచిది, ఉద్దేశం మంచిది. అయితే ఇటువంటి ఏ కార్యక్రమానికయినా ఒక ప్రమాదం పొంచి వుంటుంది. ఎందరు పిల్లలు ఎన్ని పుస్తకాలు చదివారన్నది లెక్క తేలుతుంది. ఎవరికి చదివి వినిపించారు, విన్నవాళ్ళు ఏమన్నారు అన్నది లెక్కకు అందదు.

మన గ్రంథాలయోద్యమం ఈ సంగతిని మనకంటే బాగా గ్రహించింది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. దానికి ప్రాణం పోసిన అయ్యంకి వెంకట రమణయ్య మన తూర్పు గోదావరి గడ్డ మీద కొంకుదురులో పుట్టినవాడు. 1935లో పాతూరి నాగభూషణం ప్రభృతులు పెదపాలెం కేంద్రంగా కృష్ణా డెల్టా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. ప్రయాణికుడికి తీరిక వున్నది పడవలో కాబట్టి పుస్తకం పడవెక్కింది. మన కోనసీమకు కాలువలకేం తక్కువ? ఈనాడు పడవలు పోయాయి కాని మనుషుల తీరిక వేళలు, తీరిక చోట్లు పోలేదు: కొబ్బరి ఒలిచే కళ్ళాలు, పీచు తాళ్ళు పేనే పాకలు, రేవులో పంటు కోసం ఎదురుచూసే గట్లు. పుస్తకం అక్కడికి పోవాలి.

ఇంకొక మాట. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం వేసిన దారి అది. పాకలో వుండేవాడు కట్టే పన్నులో కూడా ఆ పైసలున్నాయి. కాబట్టి కూలివాడి బిడ్డ చేతికి పుస్తకం రావడం ఎవరి దయా కాదు. దానికి ఆ ఇంటివాళ్ళు ఖరీదు కట్టి వున్నారు.

ఇప్పుడు నా తరగతి గదిలో చేసిన పని చెబుతాను. కొత్తపేట వైపు బడికి బదిలీ అయిన తర్వాత మూడో తరగతిలో చివరి పావుగంట రోజూ కథ చదవడం మొదలుపెట్టాను. చెప్పడం కాదు, పుస్తకం పట్టుకుని చదవడం. ఆ కథ ఆ కాగితంలోంచి వస్తోందని పిల్లలకు కనబడాలి. ముఖ్యమైన చోట ఆపి పుస్తకం మూసేసేవాణ్ణి. "తరవాతేటయిందండి మాస్టారూ" అని గోల. పుస్తకాన్ని బల్ల మీదే వదిలేసి వెళ్ళేవాణ్ణి. మర్నాడు పొద్దున్నే వచ్చి పేజీలు తిరగేసేవాళ్ళు ఇద్దరు, ఆ తర్వాత అయిదుగురు.

రెండో పని, ఇంటికి పుస్తకం ఇవ్వడం. షరతు ఒకటే: ఎవరికయినా చదివి వినిపించాలి. ఒక నోటుబుక్కు పెట్టి దానికి 'ఎవరు విన్నారు' అని పేరు పెట్టాం. పిల్లలు అందులో రెండే రాయాలి: విన్నవాళ్ళెవరు, విని ఏమన్నారు. ఎంత చదివావు, ఏం నేర్చుకున్నావు అనే ప్రశ్నలు లేవు.

ఆ నోటుబుక్కులో నాకు దొరికినంత మంచి విమర్శ నేను పత్రికల్లోనూ ఎక్కువగా చదవలేదు. ఒక కథలో పేదవాడొకడు ఏ పనీ చేయకుండా చెట్టుకింద పడుకుని, చివరికి దేవత వరంతో ధనవంతుడవుతాడు. ఒక పాప దాన్ని కొబ్బరి ఒలుపు పనికి పోయివచ్చిన వాళ్ళ మామ్మకు చదివి వినిపించింది. మామ్మ అన్నదాన్ని తన అక్షరాల్లో రాసుకొచ్చింది: "అందాకా ఆ ఇంటికి బియ్యం ఎవరు తెచ్చేరు?" మర్నాడు తరగతిలో ఆ ప్రశ్నను నేనే చదివాను. పిల్లలు ఆలోచించారు. భార్య తెచ్చివుంటుందన్నారు కొందరు. మరి కథలో ఆవిడ పేరేది అని అడిగింది ఆ పాప. కథ రాసినవాడికి తట్టని ప్రశ్న కథ విన్నవాళ్ళకు తట్టింది. చదవడం మీద ప్రేమ అంటే పుస్తకం ముందు చేతులు కట్టుకుని నిలబడడం కాదని ఆ తరగతికి ఆ రోజు తెలిసింది.

అన్నీ ఇలాగే జరిగాయని చెప్పను. ఒక పిల్లవాడి తల్లి మస్కట్‌లో పని చేస్తుండేది. వాడు ఎవరికీ చదివి వినిపించేవాడు కాదు. ఒకనాడు వాళ్ళ అమ్మమ్మ సెల్‌ఫోన్‌లో, రాత్రి పని ముగిశాక తల్లి మాట్లాడే వేళ, వాడు కథ చదివాడు. తడబడుతూ చదివాడు. ఆవిడకూ చదువు రాదు. తప్పులు పట్టలేదు, "తరవాతేమయిందిరా" అని మాత్రం అడిగింది. ఆ వారం వాడు మూడు పుస్తకాలు పట్టుకెళ్ళాడు. రెండు నెలలు అలా సాగింది. తర్వాత ఆవిడ పని చేసే ఇల్లు మారింది. కొత్త యజమాని ఫోను వాడనివ్వలేదట. పిల్లవాడు బల్ల వైపు రావడం మానేశాడు. నేను విన్నాను, తోటి పిల్లలచేత వినిపించాను. ప్రయోజనం లేకపోయింది. వాడి విషయంలో నేను ఓడిపోయాను. పఠనాభిలాష అనేది పిల్లల సైకాలజీకి మాత్రమే సంబంధించిన సమస్య అని ఎవరయినా రాస్తే నాకా పిల్లవాడు గుర్తొస్తాడు. తల్లి శ్రమ ఎక్కడ ఏ షరతుల మీద అమ్ముడవుతోందో, బిడ్డ చదువు కూడా అక్కడే నిర్ణయమవుతోంది.

ఆశ్చర్యమేమంటే, నేను చిన్నప్పుడు పేపర్లో కూడబలుక్కున్న ఆ అమ్మాన్ నగరంలోనే 2006లో రనా దజానీ అనే జీవశాస్త్రవేత్త తమ పేటలోని మసీదులో పిల్లలను పోగుచేసి బిగ్గరగా కథలు చదవడం ప్రారంభించింది. ఇరుగుపొరుగు స్త్రీలకు చదివి వినిపించడంలో శిక్షణ ఇచ్చి, ఆ పనిని శరణార్థి శిబిరాల దాకా తీసుకుపోయింది. దాని పేరు కూడా 'చదవడం మాకిష్టం' అనే. అక్కడా మూలసూత్రం ఒకటే: తెలిసిన మనిషి గొంతు, దగ్గరగా కూర్చున్న పిల్లలు, చేతిలో పుస్తకం.

ఇక రచయితలుగా మన సంగతి. బాలసాహిత్యాన్ని మనం చిన్నచూపు చూశామని ఒప్పుకోవాలి. రాసినప్పుడు కూడా, పాతవాళ్ళు నీతి పెట్టిన చోట మనం నినాదం పెట్టాం. రెండూ పిల్లవాడికి ఆలోచించే పని మిగల్చవు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో మరణించేదాకా 'చందమామ'లో పనిచేశారు. విప్లవ రచయితల సంఘంలో వున్న మనిషి రాజుల కథలు, భేతాళ కథలు ఎందుకు మోశాడని అడిగినవాళ్ళున్నారు. వస్తువు మీద ఆ విమర్శ చేయవచ్చు. కాని ఆ వాక్యాన్ని చూడండి: పైకి చదివితే ఎక్కడా నాలుక తట్టుకోదు. భేతాళ కథ ప్రతిసారీ ఒక ప్రశ్నతో ఆగుతుంది. వినేవాడు జవాబు వెతుక్కోక తప్పదు. మాస్కో నుంచి ప్రగతి, రాదుగ ప్రచురణలుగా తెలుగులో వచ్చిన పిల్లల పుస్తకాలు 1991 తర్వాత ఆగిపోయినా, వాటిని చదివినవాళ్ళు ఇంకా వెతుక్కుంటూనే వున్నారు. 'మంచి పుస్తకం' వంటి సంస్థలు కొన్నిటిని మళ్ళీ అచ్చు వేశాయి. వాటిలో బోధన కంటే పిల్లవాడి మీద గౌరవం ఎక్కువగా వుండడమే అందుకు కారణమని నా అభిప్రాయం.

మన మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న (1911–2005) 'పాలేరు' నాటకాన్ని గుర్తుచేసుకోండి. పాలేరు కుర్రవాడు చదువుకుని అధికారి అయ్యే కథ. దాన్ని చదివినవాళ్ళకంటే చూసినవాళ్ళు, విన్నవాళ్ళు ఎన్నో రెట్లు. పలక ముట్టని ఇళ్ళలో బిడ్డను బడికి పంపాలన్న కోరిక ఆ నాటకం వల్ల కలిగింది. అక్షరం మీద ఆశ కూడా ముందు చెవి ద్వారానే వచ్చిందన్నమాట.

ఇక భాష. గిడుగు రామమూర్తి (1863–1940) పోరాటం ఫలించి మన వచనం వ్యావహారికమయింది. కాని ఎవరి వ్యవహారం? కోనసీమ గురించి ఎంతమంది రాసినా పడవలోంచి కనబడే పచ్చదనమే రాశారు. ఆ చెట్టెక్కి గెల కోసేవాడు, కింద డొక్క ఒలిచేవాడు, మట్టలు మోసుకెళ్ళే పిల్ల ఆ పచ్చదనంలో కనబడరు. దింపు, ఒలుపు, డొక్క, ఈనె అన్న మాటలు అచ్చులో మొదటిసారి చూసినప్పుడు నా తరగతిలో ఒకడు, "ఇది మా మాటేనండి" అన్నాడు. తన మాట పుస్తకంలో వుండవచ్చునని తెలిసిన పిల్లవాడు ఆ పుస్తకాన్ని వినిపించడానికి సిగ్గుపడడు.

అందువల్ల మిత్రులకు నా సూచన చిన్నది. పిల్లల కోసం మీరు రాసినదాన్ని పత్రికకు పంపేముందు దగ్గర్లోని ప్రాథమిక పాఠశాలకు తీసుకుపోండి. మూడో తరగతిలో కూర్చుని పైకి చదవండి. పిల్లలు కిటికీలోంచి బయటికి చూసిన వాక్యం దగ్గర గీత పెట్టుకోండి. ఇంటికి వచ్చి దాన్ని కొట్టేయండి. "తరవాతేటయిందండి" అన్న చోట ఆగండి. పుస్తకాన్ని అక్కడే వదిలి రండి. వచ్చే వారం మళ్ళీ వెళ్ళి, ఇంటి దగ్గర ఎవరు విన్నారో, ఏమన్నారో అడగండి.